నిమిషానికి యాభై చుట్లు

మా వదిన గుడివాడలో ఒక రైస్‌మిల్లులో తవుడు ఊడ్చే పనికి వెళ్లేది. మొన్నటి వేసవిలో ఆమె పైట చెంగు అక్కడ తిరుగుతున్న షాఫ్టుకు చుట్టుకుంది. చెంగుతోపాటు కుడిచెయ్యీ పోయింది. ఆసుపత్రిలో మోచేతి పైదాకా తీసేశారు.

నేను బందరులో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. కబురు తెలిసి వెళ్లేసరికి అన్నయ్య వార్డు బయట గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. కోపంగా ఉన్నాడు.

"నిమిషానికి యాభై చుట్లేనంట. సూపర్‌వైజర్ గారు మోటారు మీద రాసుంది చూపించారు. సెకనుకి ఒక చుట్టు కూడా లేదు. అంత నెమ్మదిగా తిరిగేదాంట్లోంచి చెంగు లాక్కోలేకపోయిందా?"

వదిన ఇంటికొచ్చాక కూడా అన్నయ్య ఆ మాట వదల్లేదు. అన్నం కలిపి నోట్లో పెడుతూనే అనేవాడు. ఆమె తలొంచుకుని తినేది. ఒకరోజు నాతో, "మీ అన్నయ్య అనేది నిజమే అమ్మాయ్. నేనే మొద్దులా నిలబడిపోయానేమో" అంది.

ఆ మాట విన్నాక ఉండబట్టలేక మిల్లుకు వెళ్లాను. మోటారు రేకు మీద యాభై ఉన్న మాట నిజమే. కానీ దాని పక్కన ఉన్నది హెర్ట్జ్. అది కరెంటు ఫ్రీక్వెన్సీ. మన ఇళ్లకు వచ్చేదీ అదే. మోటారు తిరిగే వేగం కింది వరసలో ఉంది: నిమిషానికి పద్నాలుగు వందల నలభై చుట్లు. బెల్టు మీదుగా షాఫ్టుకు చేరేసరికి అందులో మూడోవంతు, నాలుగు వందల ఎనభై.

"మరి యాభై అని చెప్పారేంటండీ?" అని అడిగాను.

"అక్కడ రాసుందే చెప్పానండీ" అన్నాడు సూపర్‌వైజర్. అబద్ధమాడుతున్నట్టు అనిపించలేదు.

ఆ సాయంత్రం వాళ్లిద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను. నాలుగు వందల ఎనభైని అరవైతో భాగిస్తే సెకనుకి ఎనిమిది చుట్లు. కోణం కొలతలో ఒక్కో చుట్టుకు రెండు 'పై' (π) రేడియన్లు, అంటే ఆరుంపావు కంటే కాస్త ఎక్కువ. ఎనిమిదితో గుణిస్తే సెకనుకి యాభై రేడియన్లు. మళ్లీ యాభయ్యే వచ్చింది, కానీ ఇది వేరే యాభై. షాఫ్టు మధ్య నుంచి అంచుకు ఐదు సెంటీమీటర్లు. దాంతో గుణిస్తే సెకనుకి రెండున్నర మీటర్ల గుడ్డ చుట్టుకుంటుంది.

"వేలాడే చెంగు మీటరుంటుంది. అర సెకను కూడా పట్టదన్నయ్యా. ఏం జరుగుతోందో తెలిసేలోపే అయిపోతుంది."



"అర సెకనేనా?" అంది వదిన. "నాకు చాలాసేపు అనిపించింది అమ్మాయ్. ఆపండి, ఆపండి అని అరుస్తూనే ఉన్నాను. ఆ మోతలో ఎవరికీ వినబడలేదు."

ఆ సంగతి అంతవరకూ మాకెవరికీ చెప్పలేదు. అన్నయ్య లేచి బయటికి వెళ్లిపోయాడు.

తర్వాత ఎప్పుడూ ఆమెను తప్పుపట్టలేదు. అసలు ఆమెతో మాట్లాడటమే తగ్గించేశాడు. దివిసీమలో రొయ్యల చెరువుల కాపలాకు కుదిరి, వారాల తరబడి అక్కడే ఉంటున్నాడు. అన్నం ఇప్పుడు పక్కింటావిడ కలిపి పెడుతోంది.

వదిన చీర కట్టడం మానేసింది. ఒక ఆదివారం చర్చికి తీసుకెళ్దామని నేనే కట్టబోయాను. కుచ్చిళ్లు పెట్టేదాకా బాగానే నిలబడింది. పైట భుజం మీద వేసేసరికి ఎడంచేత్తో దాన్ని లాగి పడేసింది. వెంటనే విప్పేశాను. నైటీ మీద తువ్వాలు కప్పుకుని మంచం మీద కూర్చుంది.

"నువ్వెళ్లిరా అమ్మాయ్, ఆలస్యమవుతుంది" అంది.

నేనొక్కదాన్నే వెళ్లాను.