బాయిలర్‌కి కొత్త గొట్టం

మేడ్చల్ దగ్గర కాలనీలో ఇల్లు కట్టుకుని చేరినప్పుడు మా అత్తగారు కోనసీమ నుంచి తెచ్చుకున్న సామానంతా ఒక ఎత్తు, ఆవిడ రాగి బాయిలర్ ఒక్కటీ ఒక ఎత్తు. తెల్లవారుతూనే పెరట్లో దాని మధ్య గొట్టంలో కొబ్బరి డొక్కలు వేసి రాజేసేది. డొక్కలు అయిపోతే సూరారం ఫ్యాక్టరీల నుంచి వచ్చే పెట్టెచెక్కలు. పైనుంచి బకెట్ చన్నీళ్లు పోస్తే పక్క కొమ్ములోంచి బకెట్ వేణ్ణీళ్లు వచ్చేవి. పోసే అధికారం మాత్రం ఆవిడదే.

తొంభైల చివర్లో ఆ గొట్టం కారడం మొదలైంది. నీళ్లు నిప్పు మీద పడి పెరడంతా పొగ.

"గీజర్ పెట్టించేద్దాం, దీన్ని పాత సామాన్లవాడికి వేసేద్దాం," అన్నారు మావారు.

మర్నాడు చూద్దును కదా, అత్తయ్య బెల్లం, సున్నం కలిపి గొట్టానికి మెత్తుతోంది! మంటకి అది మాడి రాలిపోయింది. మళ్లీ మెత్తింది. చెయ్యి కాల్చుకుంది కూడా. నాకు ఒళ్లు మండిపోయింది.

రాగి, ఇత్తడి సామాన్ల చిల్లులకి మాట్లు వేసే ఆయన్ని పిలిపించాను. ఆయన లోపలంతా తడిమి చూశాడు.

"గొట్టం మస్తు పల్చగైందమ్మా. మాటేస్తె ఇయ్యాల గీడ ఆగుతది, రేపు ఇంకోకాడ కారుతది. కొత్త గొట్టమే ఎయ్యాలె. దుకాణానికి తీస్కపోవాలె."

"మాటు చాల్లే నాయనా," అంది అత్తయ్య. నన్ను వంటింట్లోకి లాక్కెళ్లి, "గుమ్మం దాటిందంటే మళ్లీ రాదే అమ్మాయ్," అంది.

అప్పుడు గానీ నాకు బోధపడలేదు. పొద్దున్నే ఆ ఇంట్లో ప్రతివాళ్లూ ఆవిడ దగ్గరికి వెళ్లి నీళ్లు అడగాల్సిందే. గీజర్ వస్తే ఇక ఎవరూ అడగక్కర్లేదు.

"నేను తెప్పిస్తాగా అత్తయ్యా," అని మాటిచ్చాను. గీజర్ పేరెత్తితే ఊరుకోనని మావారితో గట్టిగానే చెప్పాను.

బాయిలర్ కొత్త గొట్టంతో తిరిగొచ్చింది. చుక్క కారలేదు. ఆ సంబరంలో, పెద్దావిడ కాసేపు పడుకుంటుందిలే అని, మర్నాడు నేనే ముందు లేచి రాజేశాను. ఆవిడ వచ్చి చూసింది. "బాగానే మండుతోందే," అని, తడి లేని చేతులు చీరకి తుడుచుకుంటూ లోపలికి వెళ్లిపోయింది.

తర్వాతి రోజు మెలకువ వచ్చినా నేను కదల్లేదు. డొక్కలు విరుస్తున్న చప్పుడు వినిపించాకే బకెట్ పట్టుకుని పెరట్లోకి వెళ్లాను.

"నీళ్లు కాగాయా అత్తయ్యా?"

"తొందరెందుకే, వరసలో రా!"

ఆ వేళకి వరసలో ఉన్నది నేనొక్కదాన్నే.