వడ్ల మీద చిన్నమ్మ నడక

నిన్న ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలకు మా వీధిలోకి బడి బస్సు వచ్చింది. రోజూ వచ్చేదే. పక్క వాటాలో కొత్తగా అద్దెకు దిగిన వాళ్ల పాప, ఆరేళ్లుంటాయేమో, హారన్ వినగానే రెండు చెవులూ గట్టిగా మూసుకుని గేటు పక్కన నేల మీద కూర్చుండిపోయింది. వాళ్లమ్మ కంగారు పడలేదు, పాపను లాగలేదు. బస్సు కిటికీ దగ్గరికి వెళ్లి, "అన్నా, మా పాపకు ఆటిజం ఉంది, హారన్ పడదు. జర కొట్టకుండ్రి, మేమే ముందుగాల వచ్చి నిలబడ్తం" అంది. డ్రైవరు "గట్లనా, ముందే చెప్పొద్దా అమ్మా, ఇగ కొట్ట" అన్నాడు. పాప తనంతట తాను లేచేదాకా బస్సు ఆగింది, తర్వాత పాపను ఎక్కించుకుని వెళ్లిపోయింది.

నేను పాల ప్యాకెట్ చేతిలో పట్టుకుని మా గేటు దగ్గర నుంచి ఇదంతా చూశాను. పిల్లకు జ్వరం వచ్చిందని చెప్పినట్టు ఆ తల్లి ఆ మాటను వీధిలో పైకి చెప్పింది, విన్నవాడు సరేనన్నాడు. నా ఈడు వాళ్లకు తెలుసు, మన చిన్నతనంలో ఇలాంటి మనుషులకు ఊళ్లో ఒకటే పేరు ఉండేది. మా చిన్నమ్మకూ అదే పేరు. ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉన్నా, రేషన్ కార్డులో తప్ప అది ఎక్కడా వినపడలేదు. పోయిన శ్రావణంలో ఆమె చనిపోయినప్పుడు చూడవచ్చిన వాళ్లు కూడా, నన్ను ఓదార్చాలనే, పిచ్చిదైనా ఎవరికీ కీడు చెయ్యలేదమ్మా అన్నారు.

చిన్నమ్మ మా అమ్మకు ఆఖరి చెల్లెలు. తాత, అమ్మమ్మ పోయాక మిర్యాలగూడలో మా ఇంట్లోనే ఉండేది. మనిషి ముఖంలోకి చూసేది కాదు. ఎవరైనా చెయ్యి వేస్తే కాలినట్టు వెనక్కి తగ్గేది. అన్నంలో పప్పు కలిస్తే తినదు, పెరుగన్నం మాత్రం ఒకే సత్తు పళ్లెంలో తింటుంది, ఆ పళ్లెం తోమడానికి పోతే అది వచ్చేదాకా ఎదురుగా నిలబడుతుంది. మనం ఏదైనా అడిగితే మన మాటనే మనకు తిరిగి అప్పజెప్పేది. పెళ్లిళ్లలో బ్యాండు వాళ్లు ఎదురైతే రోడ్డు మీదే కూలబడి అరిచేది. అమ్మ ఆమెను ఎన్నడూ పిచ్చిదని అనలేదు. అలాగని మరో మాట అమ్మ దగ్గర లేదు. ఎవరైనా అడిగితే "అది అంతే" అని ఊరుకునేది.

నాన్న ఒక ఉప్పుడు బియ్యం మిల్లులో గుమాస్తా. ఆ రోజుల్లో మిర్యాలగూడ చుట్టూ మిల్లుల్లో వడ్లను తొట్లలో ఉడకబెట్టి, వెనకాల ఉన్న పెద్ద సిమెంటు గచ్చు మీద ఎండకు ఆరబోసేవాళ్లు. ఆ వడ్లు ఒకే తీరుగా ఆరాలంటే మాటిమాటికీ తిరగెయ్యాలి, దానికి కూలీ ఆడవాళ్లు చీరలు పైకి దోపుకుని, ఒకరి పక్కన ఒకరు, పాదాలతో వడ్లను తోసుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచేవాళ్లు. నడిచిన వెంట నాగలి సాళ్లలా గీతలు పడేవి. నాకు తొమ్మిదో పదో ఏళ్లు ఉన్నప్పుడు నాన్నకు అన్నం తీసుకుపోతూ అమ్మ మమ్మల్నిద్దరినీ మిల్లుకు తీసుకుపోయింది. చిన్నమ్మ గచ్చును చూసింది. చెప్పులు విప్పింది. ఎవరినీ అడగకుండా వడ్లలోకి దిగి నడవడం మొదలుపెట్టింది, అమ్మ పిలిచినా ఆగలేదు. ఎండ తగ్గి, వడ్లు కుప్ప చేసి పట్టాలు కప్పేదాకా నడిచి, అప్పుడు తనంతట తానే వచ్చి చెప్పులు వేసుకుంది. ఆ రాత్రి పిలవకుండానే అన్నానికి వచ్చి కూర్చుంది. ఇంట్లో అలా జరగడం నేను చూడటం అదే మొదలు.

తర్వాత అది రోజూ మామూలైంది. మిల్లు యజమాని వద్దనలేదు, కూలి ఇస్తాననీ అనలేదు. గచ్చు మీద పనిచేసే ఆడవాళ్లలో సగం మంది త్రిపురారం వైపు తండాల నుంచి వచ్చేవాళ్లు. వాళ్లలో వాళ్లు వాళ్ల భాషలో మాట్లాడుకునేవాళ్లు, అది మిగతా వాళ్లకు తెలియదు. అందువల్ల అక్కడ మాట అర్థం కాకపోవడం పెద్ద వింత కాదు. మొదట్లో చిన్నమ్మను ఆట పట్టించారు. "ఏమే పిచ్చీ, మా కూలి గూడ నువ్వే గుంజుకపోతవా?" అని ఒకామె అంటే, చిన్నమ్మ తల ఎత్తకుండా "గుంజుకపోతవా" అనేది. ఆమె పడీపడీ నవ్వి, "చూసిన్రా, నన్నే అడుగుతున్నది, నేనే దొంగనంట" అని పక్కామెకు చెప్పేది. రానురాను ఆ ఎకసెక్కాలు తగ్గాయి. తండా నుంచి వచ్చే పెద్దామె ఒకరు తన పక్క వరుస చిన్నమ్మకు వదిలేసేది, కొత్తగా వచ్చిన వాళ్లు అందులో నడవబోతే "అది మీది గాదు, ఆమెది, జరుగు" అనేది. చిన్నమ్మకు తనది అనుకునేది ఉందంటే ఆ వరుసే.

నేను డిగ్రీ చదివి, సూర్యాపేటలో ఒక కాలేజీ లైబ్రరీలో ఉద్యోగానికి చేరేదాకా అలాగే సాగింది. నేను చేరిన రెండో ఏడు మిల్లులో డ్రయ్యరు పెట్టారు. ఉడికిన వడ్లు ఇటు నుంచి పోతే ఎండి అటు నుంచి వచ్చేవి, వానైనా ఎండైనా ఒకటే. గచ్చు మీద లారీలు నిలబెట్టారు. కూలీ ఆడవాళ్లు కొందరు నాట్లకు పోయారు, కొందరు ఏమయ్యారో తెలియదు. చిన్నమ్మ మాత్రం ఎండెక్కేసరికి చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడేది. తీసుకుపోతే లారీల మధ్య నిలబడి అరిచేది, తీసుకుపోకపోతే మధ్యాహ్నం దాకా ఓర్చి తర్వాత తలను గోడకేసి కొట్టుకునేది. అమ్మ గోడకు బొంత కట్టింది. నాన్న యజమానిని అడిగాడు, ఒక మూలన రెండు బస్తాలు ఆరబోయనివ్వమని. ఆయన మంచిగానే చెప్పాడట, బండ్లు తిరిగే చోట ఆమెకేమైనా అయితే నేను జవాబు చెప్పుకోలేనని. అదీ నిజమే.

అప్పుడు అమ్మకు ఒక ఆలోచన వచ్చింది. మా మేనమామ, అంటే అమ్మకూ చిన్నమ్మకూ పెద్దన్న, కోదాడలో ఉండేవాడు. ఆయన పొలం మునగాల దగ్గర. అక్కడ కోతలప్పుడు రైతులందరూ హైదరాబాదు-విజయవాడ రోడ్డు మీద ఒక పక్కంతా వడ్లు ఆరబోస్తారు. "ఆడ రోడ్డు పొడుగూత వడ్లే ఉంటయి బిడ్డా, కడుపునిండ నడుస్తది" అని అమ్మ నాకు చెప్పింది. నాకూ అది మంచి ఆలోచనే అనిపించింది, సెలవు పెట్టి నేనూ వెంట వెళ్లాను.

మేనమామ ఆరబోసిన వడ్లలోకి చిన్నమ్మ దిగినప్పుడు ఆమె ముఖం నాకు ఇప్పటికీ గుర్తు. నవ్వలేదు, ఆమెకు ఆ అలవాటు లేదు, కానీ నుదురు మీద ఆర్నెల్లుగా ఉన్న ముడత పోయింది. మేము ఆలోచించనిది ఒకటే. మిల్లు గచ్చుకు చుట్టూ గోడ ఉండేది. రోడ్డు మీద ఒకరి వడ్లకూ ఇంకొకరి వడ్లకూ మధ్య నాలుగు రాళ్లు తప్ప ఏమీ ఉండవు. చిన్నమ్మకు అదంతా ఒకటే గచ్చు. మేనమామ వడ్లు దాటి, పక్కవాళ్ల వడ్లు దాటి, ఆ పైవాళ్ల వడ్లలో కూడా అదే తీరుగా నడుచుకుంటూ పోయింది. లారీలు పక్కనుంచే పోతున్నాయి. అమ్మ, నేను వెంట నడిచాం. రైతులు మొదట నవ్వారు. "ఎవరే అక్కా ఈమె, కూలి అడుగకుంట పన్జేస్తున్నది, మా ఇంటికి గూడ తోలు" అని ఒకాయన అమ్మతో పరాచికమాడాడు. అమ్మకు ఎంత సంతోషమైందో.

మధ్యాహ్నం దాటాక కాలం కాని కాలంలో మబ్బు పట్టింది. పట్టాలు వెదికేలోపే వాన పడింది. అందరూ పరుగులు పెట్టారు, బొచ్చెలతో, చేతులతో, కొంగులతో ఎత్తారు, అయినా వడ్లు రోడ్డు పక్క కాలువలోకి కొట్టుకుపోతూనే ఉన్నాయి. ఉరుముకు చిన్నమ్మ చెవులు మూసుకుంది కానీ నడక ఆపలేదు, నీళ్లలో అటూ ఇటూ నడుస్తూనే ఉంది. అప్పుడు ఒకామె, తన వడ్లు సగానికి పైగా పోయినామె, అక్కడే కూలబడి చిన్నమ్మను చూపించి, "ఆ పిచ్చిది కాలు పెట్టినంకనే గద మబ్బు పట్టింది. పొద్దున్నుంచి మా వడ్లన్ని తొక్కింది" అంది. ఆమె ఏడుస్తోంది. పొద్దున పరాచికమాడినాయన కూడా ఇప్పుడు మా వైపు చూడలేదు.

సాయంత్రానికి పదిమంది మేనమామ దగ్గరికి వచ్చారు. ఆయన చెడ్డవాడు కాడు. వచ్చిన వాళ్లకు చేతులు జోడించాడు. వాళ్లు పోయాక అమ్మతో, "చూడమ్మా, దాన్ని ఇట్లా వదిలేస్తే కుదరదు. రేపు ఎవరి మోటరు కాలినా, ఎవరి గేదె చచ్చినా దీని మీదే పెడతారు. నేను వాళ్ల మధ్యే సేద్యం చేసుకోవాలి" అన్నాడు.

"అది ఏం జేసింది అన్నా, వడ్లు తిరగేసింది, గంతే గద."

"నాకు తెలుసమ్మా. పోయి వాళ్లకు చెప్పు, వింటారేమో చూద్దాం."

అమ్మ లేచి చిన్నమ్మ తడిచీర దండెం మీద ఆరేసింది. నన్ను ఎవరూ అడగలేదు.

గాలి సోకిన వాళ్లను తీసుకుపోయే చోటు ఒకటి ఉండేది, మర్నాడు మేనమామ మమ్మల్ని అక్కడికి తీసుకుపోయాడు. పేరు చెప్పను, అలాంటివి అప్పుడు చాలా ఉండేవి. అక్కడ చిన్నమ్మ కాలికి గొలుసు వేసి స్తంభానికి కట్టారు. అక్కడి ముసలాయన కటువుగా ఏమీ మాట్లాడలేదు, అమ్మకు ఓపికగా నచ్చజెప్పాడు: "ఈ నడక ఆమెది గాదు బిడ్డా, గాలిది. గాలే నడిపిస్తున్నది. నడక ఆపితే గాలి దానంతట అదే పోతది." మొదటి రోజు చిన్నమ్మ గొలుసు ఎంత పొడవుంటే అంత దూరం నడిచింది, మళ్లీ వెనక్కి, మళ్లీ ముందుకు. గొలుసు కుదించారు. నాకు సెలవు అయిపోయింది. నేను బస్సెక్కేటప్పుడు అమ్మ స్తంభం పక్కన చాప వేసుకుని కూర్చుని ఉంది, చిన్నమ్మ గొలుసు వైపు చూస్తోంది.

నెల దాటాక ఇద్దరూ మిర్యాలగూడ ఇంటికి వచ్చారు. చిన్నమ్మ అరవడం లేదు, తల కొట్టుకోవడం లేదు. బాగయిందని అందరూ అన్నారు. మంచం మీద రెండు పాదాలూ చీర కుచ్చిళ్ల కింద దాచుకుని కూర్చునేది. బాత్రూముకు తప్ప లేచేది కాదు.

నాన్న పని మానేశాక ముగ్గురూ నా దగ్గరికి సూర్యాపేట వచ్చారు. ఆ రోజుల్లోనే లైబ్రరీకి వచ్చిన ఒక పుస్తకంలో చిన్నమ్మ లాంటి వాళ్ల గురించి చదివాను. చూపు కలపకపోవడం, మాటను తిరిగి అనడం, శబ్దానికి ఓర్వలేకపోవడం, అన్నీ ఉన్నాయి. ఇంటికి పోయి అమ్మకు చెప్పాను, ఇది గాలీ కాదు, పిచ్చీ కాదు, దీనికి వేరే పేరుందని. అమ్మ శ్రద్ధగా విన్నది. మందుందా అని అడిగింది, లేదన్నాను. "మరి ఇప్పుడు పేరు తెలిసి ఏం జెయ్యాలె బిడ్డా?" అంది.  నిన్న ఆ బస్సు ఆగడం చూశాక, అమ్మ అడిగినదానికి బహుశా అదే జవాబేమో అనిపించింది. కానీ ఆ పేరు మాకు ముందే తెలిసి ఉన్నా మునగాలలో ఆ వాన పడేదే, వడ్లు పోయినామె ఏడ్చేదే. ఆ సాయంత్రం ఆ పదిమంది ముందు నిలబడి ఆ మాట చెప్పి ఉంటే ఎవరు వినేవాళ్లో నాకు ఇప్పటికీ తెలియదు.

అమ్మ మాత్రం ఒక పని చేసింది. ప్రతి యాసంగి కోతలకూ ఒక బస్తా వడ్లు తెప్పించి, ఇంట్లోనే గుండిగలో ఉడకబెట్టి, మా డాబా మీద పలుచగా ఆరబోసేది. చిన్నమ్మను పిలవదు, చెయ్యి పట్టదు. తను వడ్లలోకి దిగి, పాదాలతో తోసుకుంటూ, మోకాళ్ల నొప్పులతోనే అటూ ఇటూ నడిచేది. చిన్నమ్మ ఒక్కో ఏడు మెట్ల దాకా వచ్చి నిలబడి చూసేది. ఒకసారి కాలి వేలు వడ్ల మీద పెట్టింది. అమ్మ ఆగిపోయింది, నేనూ కదల్లేదు. చిన్నమ్మ వేలు వెనక్కి తీసుకుని కిందికి వెళ్లి మంచం మీద కూర్చుంది.

అమ్మ పోయిన ఏడు నేను వడ్లు తెప్పించి ఉడకబెట్టి ఆరబోసి, సాయంత్రం దాకా నడిచాను. చిన్నమ్మ మెట్ల దాకా కూడా రాలేదు. ఆ తర్వాత మా డాబా మీద వడ్లు ఆరబోయలేదు.