ఎవరి కాళ్లు?

2023 వానాకాలం. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక పిల్లల థెరపీ సెంటర్‌లో నేను ఆక్యుపేషనల్ థెరపిస్టుని. బొత్తాలు పెట్టుకోవడం, మెట్లెక్కడం లాంటి రోజువారీ పనులు పిల్లలకు పట్టుబడేలా చేయడం నా ఉద్యోగం. ఉయ్యూరు నుంచి షబానాను వాళ్లమ్మ తీసుకొచ్చేది. పదిహేనేళ్ల పిల్ల, ఆటిజం ఉంది. దర్జీ అయిన తండ్రిలాగా మిషన్ కుట్టాలని ఒకటే పట్టు.

తీరా మా సెంటర్లో మిషన్ ముందు కూర్చుంటే ఎడమ కాలు పక్కకు చాపేసి, కుడి కాలితోనే తొక్కేది. దారం తెగేది, వెక్కి వెక్కి ఏడ్చేది. పరీక్షిస్తే కాలు నిక్షేపంలా ఉంది. "నరాల జబ్బేమోనండీ, మిషన్ మాన్పించేస్తాం" అని తల్లి వణికిపోయేది. మాన్పిస్తే ఆ పిల్ల ఏమైపోతుందోనని నాకు దిగులు.

మోటార్ ఇమేజరీ మొదలుపెట్టాను. అంటే కదలకుండానే ఆ కదలికను మనసులో చేసుకోవడం. "కళ్లు మూసుకుని మిషన్ తొక్కుతున్నట్టు ఊహించుకో తల్లీ" అనేదాన్ని. బుద్ధిగా ఊహించుకునేది. మార్పు మాత్రం సున్నా! విసుగొచ్చి ఒకరోజు అడిగాను.

"ఏం కనపడుతోంది?"

"కాళ్లు."

"నీవేగా?"

"కాదు, అబ్బాజాన్‌వి. ఎవరివో మీరు చెప్పలేదుగా. ఎడమది పక్కన ఉంది. అది తొక్కదు."

వాళ్లమ్మ వైపు తిరిగాను. ఆవిడ చున్నీతో మొహం కప్పుకుంది. "ఆయనకి చిన్నప్పుడే పోలియో అండీ. పిల్లకీ అదే వచ్చిందేమోనని భయంతో నోరు విప్పలేదు. పసితనంలో ఇది ఆయన మిషన్ కిందే గుడ్డపీలికలు ఏరుకుంటూ కూర్చునేది." ఓరి దేవుడా! అక్కడ చూసిన కాళ్లనే ఈ పిల్ల ఇన్నాళ్లూ తన ఒంటిమీదికి తెచ్చుకుందన్నమాట!

"సరే, ఇప్పుడు నీ కాళ్లు ఊహించుకో."

"నావి కనపడవు మేడం. మిషన్ కింద ఉంటాయి."

నిజమే కదా! "అయితే చూడొద్దమ్మా. అరికాళ్ల కింద ఇనుము చల్లగా తగులుతుందే, అది గుర్తు చేసుకో" అన్నాను. మిషన్ ముందు కళ్లు మూసుకుని చాలాసేపు కూర్చుంది. తర్వాత ఎడమ కాలు మెల్లగా జరిగి పెడల్ మీదికొచ్చింది.

ఆటిజం ఉన్న పిల్లలందరూ ఇంతేనని అనను. కానీ అప్పట్నుంచి ఎవరికీ ఉత్తినే 'ఊహించుకో' అని చెప్పను. ఎవరి ఒంటితో, చూడాలా, తగిలినట్టు తెలుసుకోవాలా, అన్నీ విడమరిచి చెబుతాను.

కొన్ని వారాలకు, భార్య చెప్పగా అంతా విన్న తండ్రి చేతికర్రతో వచ్చాడు. కూతురు రెండు కాళ్లతో తొక్కుతుంటే నిలబడి ఏడ్చేశాడు. "ఈ కాలు ఎవరి కంటా పడకూడదనుకునేవాణ్నండీ. దీన్ని కూడా నేర్చుకుందా!"

షబానా మిషన్ ఆపలేదు.

"మీవి మీరు తీసుకోండి అబ్బాజాన్. నాకు నావి దొరికాయి."