పిండి చెడలేదు

వీధి మొత్తానికీ ఆవిడ రొట్టెలమ్మ. పిండి పులిసిందో లేదో మూత తీయకుండానే చెప్పే ముక్కు ఆవిడది. దుకాణంలో భర్త పిండి పిసుకుతాడు, ఆవిడ వాసన చూస్తుంది, అత్తగారు గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఊళ్లో కబుర్లన్నీ పోగేస్తుంది.

ముప్పై ఆరేళ్లకే డాక్టరమ్మ ఉన్నదున్నట్టు చెప్పేసింది. "అండాలు బాగా తగ్గిపోయాయమ్మా. నెలసరి కూడా తొందరగా ఆగిపోవచ్చు. అలాగని ఆశ లేదని కాదు." ఆ చివరి మాట రొట్టెలమ్మ చెవికి ఎక్కనేలేదు. ఇంజెక్షన్లు వాడింది. ఐవీఎఫ్ చేయించుకుంది. నిలవలేదు. ఇంకోసారికి ధైర్యం కూడదీసుకుంటూ ఉండగానే నెలసరి రావడం మానేసింది. ఇక అయిపోయిందనుకుంది. స్నానాల గదిలో కుళాయి విప్పి, ఆ చప్పుడు చాటున ఏడ్చింది. ఎవరికీ చెప్పలేదు.

తర్వాత కొన్నాళ్లకు పిండి కంపు కొట్టడం మొదలైంది.

"పారెయ్యి. చెడిపోయింది," అంది ముక్కుకు చెయ్యి అడ్డం పెట్టుకుని.

భర్త వేలితో నొక్కి చూశాడు. "బంగారంలా ఉంది కదే!"

"నా ముక్కు కంటే నీ వేలు గొప్పదా?"

ఆ ముక్కుతో వాదించి గెలిచినవాడు ఆ ఇంట్లో లేడు. పారేశాడు. మర్నాడూ అదే వరస. ఆ మర్నాడు అత్తగారు గల్లాపెట్టె వదిలి లోపలికొచ్చింది. పిండి వాసన చూసింది. కోడలి మొహం చూసింది.

"పిండికి ఏ రోగమూ రాలేదు. అమ్మాయ్, నెల తప్పావా?"

"తప్పడం కాదత్తయ్యా, ఆగిపోయింది. డాక్టరమ్మ ముందే చెప్పిందిగా."

"అయితే తీర్పు నువ్వే చెప్పేసుకున్నావన్నమాట! పద, చెప్పులేసుకో. ఒరేయ్, ఇంకో ముద్ద పారేశావంటే నిన్నే పొయ్యిలో పెడతాను!"

పరీక్షలో గర్భమనే తేలింది. రొట్టెలమ్మకు నమ్మకం కుదరలేదు. గుండె కొట్టుకోవడం కనబడితేనే గట్టిగా చెప్పగలనని డాక్టరమ్మ కూడా అంది. స్కానింగు రోజు వచ్చేదాకా ఆవిడ ఎవరినీ ఆ ఊసెత్తనివ్వలేదు. తుమ్మడానికి కూడా భయపడింది.

స్కానింగు గదిలో కళ్లు గట్టిగా మూసుకుంది. "నువ్వు చూసి చెప్పు," అంది భర్తతో.

అతను తెర మీదికి ఇంకాస్త వంగాడు.

"లేదా?"

"ఉండవే... ఏదో మినుకుమినుకుమంటోంది," అన్నాడు.

"అదే గుండె," అంది డాక్టరమ్మ. "ఇంకా చాలా జాగ్రత్తగా ఉండాలి గాని, ఇవాళ్టికి అంతా బాగుంది. కళ్లు తెరువమ్మా."

రొట్టెలమ్మ ముందు ఒక కన్ను తెరిచింది. కాసేపటికి రెండోదీ తెరిచింది.