కాక చూపించిన పిట్టలు

శుక్రవారం పొద్దున ఖర్జూరం చెట్టు మీద ఉండగా ఫోన్ మోగింది. నడుముకు మోకు, చేతిలో మగచెట్టు పూత. ఎత్తలేదు. ఆగి మళ్లీ మోగింది. దిగి చూస్తే కాక కొడుకు. "బాపు పోయిండన్నా" అన్నాడు. పొద్దున్నే వాకిట్లో కుర్చీ వేయించుకుని చాయ తాగాడట. కోడలు గ్లాసు తీసుకుందామని వస్తే తల ఒక పక్కకు వాలి ఉందట. చెట్టు మొదట్లో ఇసుకలో కూలబడి ఏడ్చాను. తర్వాత కళ్లు తుడుచుకుని మళ్లీ ఎక్కాను. విచ్చుకున్న ఆడగుత్తికి ఆ పూటే మగపూత కట్టకపోతే గెల దండగ అవుతుందని నేర్పింది కూడా ఆయనే.

కాకతో నాకు రక్త సంబంధం ఏమీ లేదు. ఆయనది నిజామాబాద్ వైపు, నాది జగిత్యాల దగ్గర పల్లె. కువైట్‌లో, ఫహాహీల్‌కు దగ్గర్లో ఉన్న విల్లాల వీధిలో పక్కపక్క ఇళ్లలో పనిచేసేవాళ్లం. ఆయన గోడవతలి ఇంటికి తోటమాలి, అవసరమైతే డ్రైవరు. నేను ఇవతలి ఇంట్లో కార్లు కడిగి, వాకిలి ఊడ్చి, చెప్పిన పనల్లా చేసేవాణ్ణి. పోయినవాళ్ల గురించి మంచి మాటలే రాయాలంటారు. మంచివాడే, అందులో అనుమానం లేదు. కానీ నన్ను మోసం చేశాడు. ఈ రెండో మాట మింగేసి మొదటి మాట ఒక్కటే రాయడం నా వల్ల కాదు, క్షమించండి.

మొదటిసారి ఆయన గొంతే విన్నాను, మనిషిని చూడలేదు. ప్రహరీ మీద దుమ్ము పోవాలని పైపుతో నీళ్లు కొడుతున్నాను. గోడవతలి నుంచి కేక వచ్చింది. "ఓ పిల్లగా, నీళ్లు బందువెట్టు! ఆడ గూడున్నది!" పరాయి దేశంలో, నడి ఎండలో, మా ఊరి మాట. పైపు వదిలేసి గోడెక్కి చూశాను. గోడ మీదికి పాకిన కాగితప్పూల తీగలో చిన్న గూడు, అందులో నోళ్లు తెరిచిన పిల్లలు. కింద తలపాగా చుట్టుకుని కాక.

"పిగిలిపిట్ట. మన దానికి తోక కింద ఎర్రగుంటది. దీనికి సూడు, పచ్చగుంటది. చెంపలేమో తెల్లగ" అన్నాడు. అప్పటికి నేను ఆ వీధికి వచ్చి నెల దాటింది. అక్కడ పిట్టలున్నాయని ఆ రోజే తెలిసింది.

ఆ తర్వాత రోజూ సాయంత్రం, అసర్ నమాజు పిలుపు అయ్యాక ఆయన చెట్లకు నీళ్లు పెట్టే వేళకు, నేను గోడ దగ్గరికి చేరేవాణ్ణి. వేసవిలో ఏసీ నీళ్లు బొట్లుబొట్లుగా కారే చోట కాక పగిలిన పళ్లెం ఒకటి పెట్టేవాడు. పిచ్చుకలు వరుస కట్టి తాగేవి. గోరింకలు వచ్చి వాటిని తరిమితే "మీకేం రోగం, మీకు సముద్రమంత ఊరున్నది" అని వాటితో కొట్లాటకు దిగేవాడు. ఒకసారి వాన పడ్డాక వీధి చివర ఖాళీ స్థలంలో పలచగా గడ్డి మొలిచింది. నన్ను పనిలోంచి లాక్కుపోయి చూపించాడు. గడ్డి మధ్య గోరంత పసుపు పూలు. వాటిని తొక్కకుండా చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. చూసినవాళ్లు పిచ్చోళ్లనుకుని ఉంటారు.

ఊళ్లో కాకది గీత పని. తాళ్లూ ఈతలూ ఎక్కి కల్లు తీసిన చేతులవి. కువైట్ వచ్చిన కొత్తలో ఆ ఇంటి ఖర్జూరం చెట్లను చూసి ఈతచెట్లే అనుకుని, కత్తి తీసుకుని ఎక్కి, కల్లుకు చెక్కినట్టే ఒకదాని మెడ చెక్కాడు. ఇంటి యజమానురాలు లబలబలాడుతూ బయటికి వచ్చిందట. పనివాళ్లమంతా ఆమెను అమ్మా అన్నట్టు మామా అనే పిలుస్తాం. "చెట్టు గొంతు కోస్తున్నవా అని మొత్తుకున్నది. నేనేం జేయాలెరా? కండ్లు ఖర్జూరమన్నయి, చేతులు ఈతన్నయి" అని చెప్పి, దగ్గొచ్చేదాకా నవ్వేవాడు. ఎన్నిసార్లు చెప్పినా కొత్తగా చెప్పినట్టే చెప్పేవాడు. ఆ చెట్టు బతికింది. మెడ మీద గాటు ఇప్పటికీ ఉంది.

శుక్రవారం మాకు పండగ. వారానికి సరిపడా కూరగాయలు తెమ్మని మామా ఆయన్ని వఫ్రా పంపేది. అక్కడ పొలాలున్నాయి. చలికాలం అంతా వారాంతంలో రైతులు పండించింది తెచ్చి రోడ్డు పక్కనే అమ్ముతారు. నాకు ఆ పూట సెలవు. ఇక్కడ వానెట్ అని పిలిచే చిన్న ట్రాలీ బండిలో ఇద్దరం బయల్దేరేవాళ్లం. ఊరు దాటాక రెండు పక్కలా ఇసుక, కరెంటు తీగలు, వాటి మీద ఎక్కడైనా ఒక డేగ కనిపిస్తే కాక బండి పక్కకు ఆపేసేవాడు. వెనక లారీలవాళ్లు హారన్లు కొట్టినా పట్టించుకునేవాడు కాదు.

సంతలో ఆయన వెంటనే ఏదీ కొనేవాడు కాదు. "ముందుగాల ఒక సుట్టు తిరుగు. చేతులు ఎన్కకు వెట్టుకో. చేతులు ముందటుంటే ఊకనే కొంటయి" అనేవాడు. దోసకాయకు కొసన పువ్వు వాడకుండా ఉందా అని చూసేవాడు. టమాటా పెట్టెలో పైవరస కాకుండా కింద వరస చూపించమనేవాడు. అమ్మేవాళ్లలో చాలామంది బంగ్లాదేశ్ వాళ్లు. ఆయన్ని చాచా అంటూ పిలిచి ఖర్జూరాలు చేతిలో పెట్టేవాళ్లు. ఒకతను మనవాళ్ల కోసమని పుంటికూర కూడా పెంచేవాడు. ఆ కట్ట కొన్న రోజు ఇంటికొచ్చేదాకా ఆగలేక పచ్చి ఆకే నమిలేవాళ్లం. చలికాలం చివర్లో మగ ఖర్జూరం పూత అమ్మకానికి వస్తుంది. దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి ఏరేవాడు. మగరెమ్మలు నాలుగు తీసి ఆడగుత్తి నడుమ తలకిందులుగా పెట్టి, ఆకు చీలికతో వదులుగా కట్టాలి. అదీ అక్కడే, బండి వెనక కూర్చుని, నా వేళ్ల మధ్య రెమ్మలు పెట్టి చూపించాడు.

చెట్టెక్కడం కూడా అలా శుక్రవారాల్లోనే నేర్పాడు. మా ఇంట్లో ఎవరూ గీత పని చేసినవాళ్లు కాదు. మోకు నడుముకు ఎలా వేసుకోవాలో, పాదం ఎక్కడ ఆనించాలో, చేతులతో కాకుండా నడుముతో ఎలా ఆగాలో చెప్పాడు. నేను మధ్యలో ఆగిపోతే కింద నిలబడి అరిచేవాడు. "కిందికి సూడకురా, పక్కకు సూడు! పక్కకు పిట్టలున్నయి!" నిజంగానే ఉండేవి. ఆ ఎత్తున పిగిలిపిట్ట కంటికి కన్ను పెట్టి చూసేది. మా నాన్న నాకు ఇంత ఓపిగ్గా సైకిలు కూడా నేర్పలేదు.

ఒక శుక్రవారం వానెట్ వెనక కూర్చుని దోసకాయ ఉప్పుతో తింటూ అన్నాడు. "నేనైతే ఈడికెల్లి నడుసుకుంట పోవాలెరా. పెట్టెల పోవద్దు." గల్ఫ్‌లో పనిచేసే ప్రతివాడికీ ఉండే భయమే అది. "నీకేమైతది కాకా, ఉక్కు లెక్కున్నవ్" అని నవ్వేశాను. ఆయన నవ్వలేదు. ఆ సంగతి ఇప్పుడు గుర్తొస్తోంది.

ఆ రోజుల్లోనే ఇక్కడ ఉండటానికి ఇచ్చే నా ఇఖామా గడువు దగ్గరపడింది. ఇక చాలు, వెళ్లిపోదామనుకున్నాను. ఊళ్లో తమ్ముడూ నేనూ కలిసి కోళ్ల ఫారం పెట్టాలని అనుకున్నాం. షెడ్డుకు జాగా కూడా చదును చేయించాడు. కాకకు చెప్పాను. ఆయన మరుసటి శుక్రవారం తిరిగొస్తూ దారిలో మొదలుపెట్టాడు.

"రెండేండ్లు ఆగరాదుర. మా ఇంట్ల చేరు. తోట పెద్దగైంది, ఒక్కనితోని ఐతలేదు. ఇద్దరం కల్సి చేస్కుందాం. అటెన్క ఇద్దరం ఒక్కటే విమానంల పోదాం."

నేను మెత్తబడ్డాను. నా భార్య ఫోన్ పెట్టేసింది. తమ్ముడు కోపగించుకుని తన బామ్మర్దిని కలుపుకున్నాడు. కోళ్ల ఫారం నాది కాకుండా పోయింది. అయినా నాకు దిగులనిపించలేదు, కాకతో కలిసి పని కదా అనుకున్నాను. నన్ను తెచ్చుకున్న యజమాని, కఫీల్, కాగితాల మీద సంతకం పెట్టాడు, గోడవతలికి మారాను. ఆ ఎండాకాలం ఇద్దరం కలిసి గెలలు కోశాం.

కోతలు కాగానే కాక లీవు మీద ఊరికి వెళ్తానన్నాడు. నెల రోజులే అన్నాడు. మా దగ్గర ఎవరు ఊరికి వెళ్లినా కార్టన్లు కట్టడం పెద్ద పని. దుప్పట్లూ సబ్బులూ పాలపొడీ కుక్కి, తాడు బిగించి, పేరు రాయాలి. వీధిలో అందరి కార్టన్లూ కాకే కట్టేవాడు, గీత పనివాడి ముడి ఊడదని. ఆయన మాత్రం చిన్న సంచి ఒక్కటే పట్టుకున్నాడు. "నెల రోజులకు కార్టన్లేందిరా" అన్నాడు. మోకు మేకుకు తగిలించి "నీ దగ్గర్నే ఉండనియ్యి" అన్నాడు. టాక్సీ దాకా సంచి మోసింది నేనే.

నెల గడిచింది. మోకాళ్లు నొస్తున్నాయన్నాడు. తర్వాత పండగ వెళ్లాక వస్తానన్నాడు. తర్వాత డాక్టరు పేరు చెప్పాడు. "వస్తరా, వస్త" అనే మాట మాత్రం ప్రతిసారీ ఉండేది. మొన్న మగపూత కట్టే రోజులు మొదలైతే వీడియో కాల్‌లో ఒక్కొక్క గుత్తీ చూపించమన్నాడు. "మంచిగ కట్టినవ్ బిడ్డా" అన్నాడు. ఎప్పుడూ పిల్లగా అనేవాడు. బిడ్డా అనడం అదే మొదలు, అదే ఆఖరు.

ఆయన పోయిన కబురు మామాకు చెప్పడానికి వెళ్లాను. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నన్ను కూర్చోబెట్టి చాయ ఇప్పించింది. తన అరబ్బీ కలిసిన హిందీలో చెప్పుకుపోయింది. "ఎప్పటినుంచో పంపించెయ్ పంపించెయ్ అని అడుగుతూనే ఉన్నాడు. నేనే ఒప్పుకోలేదు. ఈ చెట్లు ఎవరు చూస్తారు? నీలాంటి మనిషిని ఒకణ్ణి తెచ్చి నేర్పు, అప్పుడు ఖలాస్ అన్నాను. నిన్ను తెచ్చాడు. మంచివాడు, మాట నిలబెట్టుకున్నాడు."

గ్లాసు కింద పెట్టేశాను. ఆయన వెళ్లే ముందే కాగితాలు రద్దయ్యాయట. లీవు లేదు, తిరిగి రావడం లేదు. ఒక్కటే విమానం అన్న మాట అన్నప్పుడే అబద్ధం.

ఇక ఆ రోజు నుంచి నాకు ఒకటే రంధి. గోడవతలి ఆ మొదటి కేక నుంచీ ఇదేనా? పిగిలిపిట్ట, ఏసీ నీళ్ల పళ్లెం, పసుపు పూలు, సంతలో నమిలిన పుంటికూర, ఇవన్నీ తన జాగాలో నన్ను నిలబెట్టడానికేనా? చెట్టెక్కడం, పూత కట్టడం పనికొచ్చేవే, సరే. డేగను చూపిస్తే తోటకు ఏం ఒరుగుతుంది అని ఒక పూట సర్ది చెప్పుకుంటాను. మనిషిని కట్టిపడేయడానికి అదీ పనికొచ్చింది కదా అని ఇంకో పూట ఒళ్లు మండుతుంది. అడగడానికి మనిషి లేడు. అందుకూ కోపమే.

"నాకు ఇల్లు చేరాలని ఉందిరా, నా జాగల నిలబడు" అని ముఖం మీద అడిగి ఉంటే ఏమనేవాణ్ణి? ఒప్పుకునేవాణ్ణి కానేమో. ఆ సంగతి ఆయనకు తెలుసు. సరే, వెళ్లాకైనా చెప్పొచ్చు కదా. తిట్టేవాణ్ణి, కొన్నాళ్లు ఫోన్ ఎత్తేవాణ్ణి కాదు, ఆ తర్వాత నేనే చేసేవాణ్ణి. ఆ అవకాశం కూడా ఇవ్వకుండా వస్తా వస్తా అంటూనే పోయాడు. నాకు అన్నిటికంటే మండేది అక్కడే.

ఆయన కోరుకున్నట్టే నడుచుకుంటూ ఇల్లు చేరాడు. పెట్టెలో వెళ్లలేదు. సొంత వాకిట్లో, ఎండ పొడలో, చాయ తాగి పోయాడు. అది తలుచుకుంటే సంతోషంగానే ఉంటుంది, నిజంగానే చెబుతున్నాను. కాకపోతే ఆ కుర్చీ వేసింది నా రెండేళ్ల మీద. దండం పెట్టబోతే చేతులు సగంలో ఆగిపోతున్నాయి.

దినాల రోజు మామా దగ్గరికి వెళ్లి నేనూ ఊరికి వెళ్లిపోతానని అడిగాను. ఆమె కోప్పడలేదు. నా భుజం తట్టినంత మెత్తగా చెప్పింది. "నీలాంటి మనిషిని ఒకణ్ణి తెచ్చి నేర్పు. అప్పుడు ఖలాస్."

ఆ శుక్రవారం ఒక్కణ్ణే వఫ్రా సంతకు వెళ్లాను. చేతులు వెనక్కి పెట్టుకుని ఒక చుట్టు తిరిగాను. దోసకాయలు ఏరుతూ ఇంటికి ఫోన్ చేస్తుంటే, నా మాట విని ఒకతను దగ్గరికి వచ్చాడు. నా ఈడువాడే. కరీంనగర్ వైపట, ఈ మధ్యనే ఒక విల్లాలో పనికి వచ్చాడట. తెలుగు మాట విని ప్రాణం లేచొచ్చిందన్నాడు. "రూములకు పోతే గోడలే అన్నా. ఈడ మన అంగడి లెక్క జర పానం మంచిగనిపిస్తంది" అన్నాడు.

అప్పుడే కూరగాయల పెట్టెల వెనక ఇసుకలో ఇక్కడివాళ్లు హుద్‌హుద్ అనే పిట్ట ఒకటి దిగింది. నెత్తి మీది కుచ్చు విసనకర్రలా విప్పి, మళ్లీ మూసి, దర్జాగా మా ముందు నుంచే నడిచింది.

అతను నా చెయ్యి పట్టుకున్నాడు. "అన్నా, గదేం పిట్టనే? గింత సక్కగున్నది!"

పేరు నాలుక చివరే ఉంది. ఏ నెలలో వస్తుందో, ఎటు వెళ్తుందో, పొడుగు ముక్కుతో ఇసుకలో ఏం వెతుకుతుందో అన్నీ నాకు తెలుసు. ఒక్క మాట చెబితే వచ్చే శుక్రవారం నా బండిలో నా పక్కనే కూర్చుంటాడని కూడా తెలుసు.

"ఏమో తమ్మీ" అన్నాను. "నాకు దెల్వది."

పిట్ట ఇసుకలోంచి పురుగును లాగి, గాల్లోకి ఎగరేసి, నోటితో అందుకుంది. అతను పసిపిల్లాడిలా నవ్వాడు. నేను తల పక్కకు తిప్పుకున్నాను. అది మా ఇద్దరి మధ్య నుంచి, ఎవరికీ భయపడకుండా, కుచ్చు ఊపుకుంటూ నడిచి వెళ్లింది.