దొరసానితో ‘వెళ్ళొస్తా’ అన్నాను

యుద్ధం అయిపోయాక నర్సు చదువు కోసం గురజాల నుంచి కొలంబో వెళ్ళాను. ఓడ ఎక్కిన సంబరం ఇంకా తీరకముందే నన్ను ఆసుపత్రి పెద్ద నర్సు ముందు నిలబెట్టారు. ఆమె ఇంగ్లీషు దొరసాని. ఆమె సరేనంటేనే చదువు, కాదంటే వరండాలో కూర్చున్న మా అన్నయ్యతో తిరిగి ఇంటికే.

అడిగినవాటికల్లా నాకొచ్చిన కాస్త ఇంగ్లీషులో గబగబా చెప్పేశాను. "సరే, ఇక నువ్వు వెళ్ళొచ్చు" అంది.

మా నాయనమ్మ నన్ను ఎప్పుడూ అలా గడప దాటనిచ్చేది కాదు. "పోతన్నా అనమాకే, వెళ్ళొస్తా అను" అని ఆపేది. ఆ అలవాటుకొద్దీ "ఐ గో అండ్ కమ్" అన్నాను.

దొరసాని కళ్ళద్దాలు తీసింది. "ఎక్కడికి వెళ్తావు? ఇక్కడ ఉండవా?"

మూలన దుప్పట్లు మడతపెడుతున్న సింహళపు ఆయమ్మ పకపకా నవ్వింది. "మేమూ అలాగే అంటామమ్మా, ‘గిహిన్ ఎన్నం’ అని. వెళ్ళి వస్తానని. ఉత్తగా వెళ్తానంటే తిరిగి రానట్టు" అని వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పింది.

మా నాయనమ్మ మాట నాకంటే ముందే సముద్రం దాటి వచ్చి కూర్చుంది.

దొరసాని నవ్వాపుకుంది. "అయితే వెళ్ళి రా. రేపు పొద్దున తెల్ల చీరలో రా."

వరండాలోకి పరుగెత్తాను.

"ఏందే, ఏమన్నదీ?" అన్నాడు అన్నయ్య.

"వెళ్ళి రమ్మన్నది."

"నే ముందే అనుకున్నాలే" అంటూ నా ట్రంకుపెట్టె ఎత్తబోయాడు.

నేను చటుక్కున పెట్టె మీద కూర్చున్నాను. "ఇంటికి వెళ్ళేది నేను కాదు. నువ్వు వెళ్ళిరా అన్నయ్యా."