గుమ్మం చీకట్లో ఒక మోచెయ్యి

మా సబ్‌సెంటర్‌లో ఫోన్ సిగ్నల్ అందదు. కాఫీ తోట పక్కనుంచి అర కిలోమీటరు ఎక్కితే, రోడ్డు మలుపు తిరిగే చోట ఒక సిమెంటు దిమ్మ ఉంది. అక్కడ కూర్చుంటే అందుతుంది. డుంబ్రిగుడ మండలంలో నర్సుగా చేరినప్పటి నుంచి నా సాయంత్రాలన్నీ ఆ దిమ్మ మీదే గడిచాయి. రిజిస్టర్లు సర్దేసి, శాలువా కప్పుకుని అక్కడికి చేరేదాన్ని. ఇంటికి ఫోన్ చేసి అమ్మతో నాలుగు మాటలు మాట్లాడాక, వెలుతురు ఉన్నంతసేపూ ఇంటర్నెట్లో బొమ్మలు ఏరుకునేదాన్ని.

ఎక్కడో మంచు దేశంలో ఒకావిడ ఒకే కాగితాన్ని కత్తిరించి చేసిన అడవి. పాత చీర ముక్కల మీద కుట్టిన చేపలు. పిల్లల పుస్తకంలో గొడుగు కింద కూర్చున్న ఎలుగుబంటి. ఎవరికీ కనపడని చోట, మట్టి గిన్నె అడుగున గీసిన పిచ్చుక. నచ్చిన ప్రతిదాన్నీ ఫోన్‌లో దాచేదాన్ని. కుట్లకు ఒక ఫోల్డరు, కాగితం పనికి ఒకటి, పుస్తకాల బొమ్మలకు ఒకటి. ‘ఎప్పుడైనా వెయ్యాలి’ అని ఇంకొకటి. మిగతావి పెరిగినా పెరగకపోయినా ఈ చివరిది మాత్రం రోజూ పెరిగేది. ఒక్కటైనా వేశానా అంటే లేదు.

చిన్నప్పుడు వేసేదాన్ని. మాది విజయనగరం దగ్గర పల్లె. నాన్న హైస్కూల్లో అటెండరు. వాడేసిన పరీక్ష కాగితాలు తెచ్చిస్తే వాటి వెనకవైపు ఆవుల్ని, బస్సుల్ని, అమ్మ జడని వేసేదాన్ని. ఇంటర్ అయ్యాక బొమ్మల కాలేజీలో చేరతానంటే నాన్న కోప్పడలేదు. “బొమ్మలెక్కడికి పోతాయమ్మా, ముందు ఉద్యోగం రానీ” అన్నారు. నర్సు ట్రైనింగ్‌లో చేరాను. ఉద్యోగం వచ్చింది. బొమ్మలు మాత్రం ఎక్కడికో పోయాయి. పెన్సిల్ పట్టుకుంటే ఏం వెయ్యాలో తోచేది కాదు. ఎవరో వేసినవి చూస్తే మాత్రం, ఇది నేను వెయ్యాల్సింది కదా అనిపించేది.

కిందటి చలికాలంలో ఒక సాయంత్రం తెర మీదకు ఒక గోడ వచ్చింది. ఎర్రమన్ను అలికిన గోడ. అలుకు తడి ఆరకముందే వేళ్ళతో లాగిన గీతలు. కింద అలలు అలలుగా కొండ వాలు, దాని మీద సోళ్ళ (రాగి) కంకులు, ఆపైన ఒకరి నడుమొకరు పట్టుకుని నాట్యమాడుతున్న ఆడవాళ్ళ వరస. ఒక్కొక్క మనిషికి మూడు గీతలు, అంతే. అయినా ఎవరు అలిసిపోయారో ఎవరు ఇంకా హుషారుగా ఉన్నారో తెలుస్తోంది. కింద ఇంగ్లీషులో ‘గోడ చిత్రం, తూర్పు కనుమలు’ అని రాసి ఉంది. ఊరి పేరు లేదు, వేసినవాళ్ళ పేరు లేదు.

దాచుకుని, వేళ్ళతో పెద్దది చేసి చూస్తున్నాను. గుమ్మం పక్కన సుద్దముక్కతో రాసిన అంకెలు కనిపించాయి. పోలియో చుక్కలకి తిరిగినప్పుడు ప్రతి ఇంటికీ మేం అలా గుర్తు పెడతాం. ఇంటి నెంబరు, తేదీ, పక్కింటికి దారి చూపించే బాణం. ఆ నెంబరులోని ఏడుకి నడుము మీద చిన్న అడ్డగీత ఉంది. మా స్టాఫ్‌లో అలా రాసేది నేనొక్కదాన్నే.

ఆ గోడ ముందు నేను నిలబడ్డాను. చెయ్యి చాచి దాని మీద రాశాను. ఆ రోజు నాకు మూడు ఊళ్ళు తిరగాల్సి ఉంది, ఐస్ పెట్టె భుజానికి వేలాడుతోంది. గోడ అంటే నాకు అంకె వేసుకునే చోటు. ఎవరో దారిన పోయే మనిషి ఆగి చూసినదాన్ని నేను చూడలేదు. సిగ్గుగా అనిపించింది. అంతకంటే ఎక్కువగా, ఎలాగైనా ఆ గోడ దగ్గరికి మళ్ళీ వెళ్ళాలనిపించింది.

తేదీ, ఇంటి నెంబరు పట్టుకుని రిజిస్టర్లో వెతికితే ఏ ఊరో, ఏ ఇల్లో తెలిసింది. ఆ వారంలోనే అక్కడ టీకాల రోజు. పని ముగించుకుని ఆ ఇంటికి వెళ్ళాను. గోడ లేదు. అంటే ఉంది, కానీ సిమెంటు పూసి లేత నీలం రంగు వేశారు. గుమ్మం ముందు ఒకావిడ కొండ చీపుర్లు కడుతోంది. నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్దది, మా వైపు మాటల్లో అప్ప, అంటే అక్క.

“ఏటి సిస్టరమ్మా, మాయింట్లో సంటిపిల్లలు నేరు కదా” అంది.

“సూదికి కాదప్పా. నీకొకటి చూపిద్దామని.”

ఆమె చేతులు చీరకి తుడుచుకుని ఫోన్ అందుకుంది. కాసేపు చూసి, “ఇది మా గోడే” అంది.

“ఎవరు వేశారు?”

“నానే. ఇంకెవులేత్తారు? పండగొచ్చిందంటే అలికీసి ఏసీదాన్ని. ఇప్పుడు సిమెంటయిపోనాది. సిమెంటు మీద ఏలు దిగదు.”

బాధగా అన్నట్టు లేదు. వాన కురవలేదని చెప్పినట్టు చెప్పింది. ఆ ఆడవాళ్ళ వరస గురించి అడగాలని నేను నోరు తెరిచేసరికి, ఆమె వేలు గుమ్మం దగ్గర ఆగిపోయి ఉంది. “దీన్ని పెద్దది సెయ్యి” అంది.

చేశాను. గుమ్మంలోని చీకట్లో ఒక మోచెయ్యి. పసుపు రంగు జాకెట్టు అంచు, రెండు ఆకుపచ్చ గాజులు. అన్నిసార్లు చూసినా అది నీడనుకున్నాను.

“ఇది నా గుంటది” అంది.

చీపురు పుల్లల మధ్యే నాకు చోటు చేసి కూర్చోబెట్టి చెప్పింది. గుంట అంటే ఆమె కూతురు. పది చదివింది. ఏడాది కిందట రోడ్డు పనికి వచ్చినవాళ్ళలో ఒకడితో వెళ్ళిపోయింది. మొదట్లో పక్కింటివాళ్ళ ఫోన్‌కి రెండుసార్లు చేసింది. తర్వాత చెయ్యలేదు.

“ఎల్లినందుకు నాకు కోపం నేదు. మాలో ఎల్లిపోడాలు కొత్తేటి కాదు. ఎక్కడున్నాదో సెప్పాల కదా. ఆ నెంబరు ఇప్పుడు పన్జెయ్యదంట.”

“ఫొటో ఏమైనా ఉందా అప్పా?”

“ఉంటే దాని ఫోన్‌లోనే. అది పట్టుకెల్లిపోనాది. సర్టిపికెట్ల సంచీ కూడా పట్టుకెల్లిపోనాది. ఎదర తిరుగుతున్నన్నాళ్ళూ పొటో ఎందుకు తీత్తాం?”

లేచి వచ్చేస్తుంటే అడిగింది. “ఈ పొటో తీసినోడి కాడ ఇంకా ఉంటాయేటి? ఆ రోజు అది ఆడి ఎదర శానాసేపు తిరిగింది. నవ్వుతా ఉంది. ఆడేమో సెయ్యూపి పక్కకి తప్పుకోమన్నాడు.”

ఆ సాయంత్రం దిమ్మ మీద కూర్చుని ఆ ఫొటో పెట్టిన మనిషికి ఉత్తరంలాగా పెద్ద మెసేజ్ రాశాను. జవాబు రావడానికి రెండు వారాలు పట్టింది. రోజూ చూసుకునేదాన్ని. ఆ రోజుల్లో కొత్త బొమ్మలేవీ దాచినట్టు గుర్తు లేదు. చివరికి వచ్చింది, మర్యాదగానే. ఆ గోడ తనకి చాలా నచ్చిందట. ఒక అమ్మాయి మాటిమాటికీ అడ్డం వచ్చేదట. ఆమె పడినవన్నీ తీసేసి, గోడ శుభ్రంగా వచ్చిన ఈ ఒక్కటే ఉంచుకున్నాడట. క్షమించమన్నాడు.

కోపం తెచ్చుకుందామనుకున్నాను, రాలేదు. అతని చోట నేనున్నా అదే ఉంచుకునేదాన్ని. నా ఫోన్‌లో కుట్టిన చేపలున్నాయి, కుట్టిన మనిషి లేదు. పిచ్చుకని గీసిన చేతులు మణికట్టు దగ్గర తెగిపోయి ఉన్నాయి. అవన్నీ ఎంత ప్రేమగా దాచుకున్నానో నాకు తెలుసు. అయినా ఆ రోజు వాటిని చూడబుద్ధి కాలేదు.

అరకు వెళ్ళినప్పుడు ఫొటో స్టూడియోలో ఆ బొమ్మని ప్రింటు తీయించాను. స్టూడియో అతను కంప్యూటర్లో చూసి, “ఈ మూల నల్లగా ఏదో వచ్చింది మేడం, కట్ చేసెయ్యమంటారా?” అన్నాడు.

“వద్దు, అది ఉండాలి” అన్నాను.

మరుసటి నెల టీకాల రోజున ప్రింటు తీసుకుని వెళ్ళాను. ఫొటో తీసిన మనిషి రాసిన సంగతి దాచకుండా చెప్పాను. ఎలా చెప్పాలా అని దారంతా మాటలు కూర్చుకున్నాను గాని, అక్కడికి వెళ్ళాక ఉన్నదున్నట్టే వచ్చేసింది. ఆమె విని, ఫొటోని మోకాళ్ళ మీద పెట్టుకుని, ఆ గాజుల మీద బొటనవేలు ఆనించింది.

“పోన్లే సిస్టరమ్మా. మోసెయ్యుంది కదా” అంది.

కాసేపటికి ఫోన్‌లో ఇంకేమున్నాయని అడిగింది. చూపించాను. కాగితపు అడవిని చాలాసేపు చూసింది. చేపల్ని చూసి, “కుట్టు బాగుంది గానీ, నీటిలో ఉన్నట్టు నేవు” అంది. నిజమే, నేనది గమనించలేదు. వేళ్ళతో తోస్తూ, తోస్తూ, ఎంతకీ అయిపోకపోయేసరికి నా వైపు చూసింది.

“ఇన్ని దాసుకున్నావు. నువ్వేటేత్తావు?”

“ఒకప్పుడు వేసేదాన్నప్పా.”

“అయితే నా గుంటని ఎయ్యి. నాను సెప్తాను.”

“నాకంటే నువ్వే బాగా వేస్తావు కదా.”

“నాకు మొకాలు రావు. నానేసినోళ్ళందరూ ఒక్కలాగే ఉంటారు. దాన్ని అలగెయ్యలేను.”

సంచిలో ఓఆర్ఎస్ పాకెట్ల అట్టపెట్టె ఉంది. దాని మూత చింపి, రిజిస్టరు మీద పెట్టుకుని, బాల్‌పెన్ను తీశాను.

ఆమె ముక్కూ కళ్ళూ ఎలా ఉంటాయో చెప్పలేదు. అడిగితే, “ముక్కు ముక్కులాగే ఉంటాది” అంది. కానీ నవ్వేముందు కళ్ళు మూసుకుంటుందని చెప్పింది. జడ ఎప్పుడూ ముందుకే వేసుకుంటుందని, కోపం వస్తే మాట్లాడదని, కింది పెదవి కొరుకుతుందని చెప్పింది. అంబలి తాగాక పైపెదవి మీద తెల్లగా అంటుకుంటే చెప్పేదాకా తుడుచుకోదని చెప్పింది. వాటిలోంచి ఒక ముఖాన్ని ఎలా తియ్యాలో తెలియక గీశాను, కొట్టేశాను, పక్కన మళ్ళీ గీశాను. “మొకం గుండ్రం కాదు” అంటే పొడుగు చేశాను. “అంత కాదు” అంది. చీపుర్లు పక్కన పడి ఉన్నాయి. ఎదుటి కొండ మీద ఎండ జరిగిపోయింది. నేను ఎక్కాల్సిన జీపు హారన్ కొట్టి, కొట్టి వెళ్ళిపోయింది.

చివరికి అట్ట ఆమె చేతికిచ్చాను. దూరం పెట్టి, దగ్గర పెట్టి చూసింది.

“ఇది నా గుంట కాదు” అంది.

“నాకు తెలుసప్పా.”

“ఎవులో మంచి పిల్లలాగుంది. ఉండనీ.” ఫొటోతో కలిపి బియ్యం డబ్బా మూత కింద దాచింది.

పిల్ల ఇంకా రాలేదు. కబురూ లేదు. ఆ తర్వాత ప్రతి నెలా టీకాల పని అయ్యాక ఆ గుమ్మంలో కూర్చుంటున్నాను. ఆమె ఇంకో సంగతి గుర్తు చేసుకుని చెబుతుంది, నేను ఇంకో అట్ట చింపుతాను. ఇప్పటికి ఆరు అయ్యాయి. కిందటి నెల వేసినదానికి కనుబొమలు కుదిరాయంది. ముక్కు ఇంకా రాలేదట.